వాన థూ

బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద
ఇరవై రూపాయలకి కొన్న సీడీ.
అట్ట మీద బొమ్మల సినిమా, అద్దం నిండా గీతలు.
కథ ఆడలేదు. చివర పేర్లు పడేచోట మాత్రం
ఒక పాట బతికే ఉంది.

రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
గిటారు మీద మూడే మూడు పట్లు.
ముగ్గురో నలుగురో జపాన్ కుర్రాళ్ళు
అప్పులవాడు తలుపు బాదినట్టు బాదారు.
మొదలెట్టే ముందు ఒకడు అరిచాడు:
వాన్! ట్సూ!

అప్పుడు నేను గుంటూరు అరండల్‌పేటలో
కేబుల్ వాళ్ళకి ప్రకటనలు అతికేవాణ్ణి.
వెంకటప్పయ్య గారు పురుగుమందు సీసా బల్ల మీద పెట్టి
"సాయంత్రానికల్లా కావాలి ఇమ్మానియేలూ,
మిరప చేను లేచి నిలబడాలి" అన్నారు.
పాటని మెడ దగ్గర పట్టుకుని
పదిహేడు సెకన్లు కోశాను.
ఎవరినీ అడగలేదు.
అడగాలంటే ఏ భాషలో అడగాలో తెలియదు.
అది సాకు అని మాత్రం తెలుసు.

పుష్యంలో మొదలైన ప్రకటన
కళ్లాల్లో కాయ ఆరబోసేదాకా నడిచింది.
మబ్బు పడితే మనిషికి నిద్ర పట్టని రోజులు.
వాడు వాన్ ట్సూ అన్నాడు.
ప్రత్తిపాడు నుంచి సత్తెనపల్లి దాకా
'వాన థూ' అని వినపడింది.
తిట్టు అంత బాగా కుదిరాక
మందు పనిచేసిందో లేదో ఎవడికి కావాలి?

యార్డులో దాసు ఫోను మోగితే అదే.
భుజాన బస్తా ఉండగా ఎత్తడు, మోగనిస్తాడు,
పక్క హమాలీలు ఆ దెబ్బకి అడుగేస్తారు.
కొత్తపేట బ్యాండువాళ్ళు క్లారినెట్ మీదికి ఎక్కించి
పెళ్ళికొడుకు గుర్రం బెదిరేదాకా వాయించారు.
ఎన్నికలప్పుడు రెండు పార్టీల జీపులు
ఒకే సందులో ఎదురుపడి
అదే పాటతో తిట్టుకున్నాయి.
లాడ్జి సెంటర్లో పిల్లలు దానికి మాటలు కట్టారు,
ఇక్కడ రాయదగ్గవి కావు.

పదకొండేళ్ళ తరవాత
సంగడిగుంట నుంచి మెహజబీన్ వచ్చింది. ఇంటర్ పిల్ల.
వాళ్ళ నాన్న కుట్టుమిషన్ల రిపేరు షాపుకి
ప్రకటన రేటు బేరమాడుతూ ఆగి,
"అంకుల్, పురుగుమందు పాట మీరేనా?" అంది.
గర్వంగానే తలూపాను.
"అది మందు పాట కాదు.
చివర్లో ఒక పిల్ల సైకిల్ మీద పోతుంటే వస్తుంది.
పన్నెండుసార్లు చూశా.
ప్రతిసారీ ఏడుపొస్తుంది."

ఏమంటాడమ్మా వాడు, అన్నాను.
ఫోనులో కింద పడే అక్షరాలు చూసి,
కాసేపు ఉర్దూలో తడుముకుని, చెప్పింది:

చొక్కా ఇంకా ఆరలేదు.
ఉన్నది అదొక్కటే.
తడి చొక్కాతోనే వస్తున్నా,
తలుపు తియ్యి.

అంతేనా?
"అంతే అంకుల్. అదే మళ్ళీ మళ్ళీ."

ఇన్నాళ్ళూ నేను ఏ తిరుగుబాటో అనుకున్నాను,
ఎవరి కొంపో కాలుతోందనుకున్నాను.
చొక్కా!
బాపట్ల హాస్టల్లో దండెం కింద
తుమ్ముతూ నిలబడ్డ పొద్దుళ్ళు
చంకల్లో చల్లగా గుర్తొచ్చాయి.
పిల్లకి రేటు తగ్గించాను. ఎందుకో చెప్పలేదు.

ఆ రాత్రి ఒంటిగంట నలభైకి
మిరప ధరలు కింద పాకుతుండగా
పాట మొత్తం వేశాను.
బొమ్మ లేదు, సీసా లేదు.
పదిహేడో సెకను దాటాక గొంతు జీరబోతుంది.
చివర ఎవడో దగ్గుతాడు, ఇంకెవడో నవ్వుతాడు.
నేను కోసి పారేసిన వైపు అది.

ఒకే ఒక్క ఫోనొచ్చింది,
యార్డు వాచ్‌మన్ దగ్గర్నుంచి.
"బానే ఉంది గానీ, మందు పేరు చెప్పలేదేం?"
అతని వెనక ఎక్కడో
టార్పాలిన్ మీద టపటపలు.
"మొదలైనట్టుంది, ఉంటా" అని
పెట్టేశాడు.